దురాయి

జువ్వలదిన్నె రేవులో ఒక సాయంకాలం వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. కడలూరు వైపు నుండి పెద్ద మరపడవలు ఒడ్డుకు దగ్గరగా వచ్చి చేపలను ఊడ్చుకుపోవడం, ఇక్కడివారి వలలు తెగిపోవడం నెల్లూరు తీరానికి పాత తగువు. దొరికిన పడవను కట్టివేసి, నష్టం కట్టించుకొని వదలడమూ పాతదే.

"మరి అందులోని మనుషులను?" అన్నాను.

"కూడు పెడతాం సామీ. రేపు మా పిలకాయలు అటు పోతే?"

పట్టపువారి ఊళ్ళలో ఫలానా పని చేయరాదని పెద్దలు విధించే నిషేధాన్ని దురాయి అంటారు. పగకూ ఒక దురాయి ఉండాలన్న ఊహ దేశాల మధ్య స్థిరపడడానికి చాలాకాలమే పట్టింది. 1914లో అంగోలాలోని నౌలిలా కోట వద్ద పోర్చుగీసు సైనికులు జర్మను అధికారులను కాల్చి చంపారు. దుబాసీ తప్పుగా అర్థం చెప్పడమే అందుకు మూలం! (దుబాసీల వల్ల ఎన్ని కొంపలు మునిగాయో కదా.) జర్మనులు ప్రతిగా కోటల మీద పడ్డారు. 1928లో మధ్యవర్తులు దానిని అక్రమమన్నారు. ఎదుటివాడు ముందుగా న్యాయం తప్పి ఉండాలి, పరిహారం అడిగి చూడాలి, ప్రతిచర్య తప్పుకు తగినంతే ఉండాలి. ఆ తరువాత ఐక్యరాజ్యసమితి శాసనపత్రం ఆయుధాలతో బదులు తీర్చుకోవడాన్నే నిషేధించింది. 2001 నాటి రాజ్యబాధ్యతా సూత్రాలు మరొకటి చేర్చాయి: ఎంత ప్రతిచర్యయైనా మౌలిక మానవహక్కులను తాకరాదు.

అయితే 2018 నవంబరులో గుజరాతు తీరం నుండి వేటకు వెళ్ళిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తానుకు చిక్కి, కరాచీ జైలులో ఏడాదికి పైగా మగ్గారు. 'తండేల్' సినిమాకు ఆధారం వారి కథే. 1982 నాటి సముద్ర న్యాయ ఒడంబడిక ప్రకారం, ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల చట్టం మీరినవారికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనిదే, జైలుశిక్ష వేయరాదు. రెండు దేశాలూ దానిని ఆమోదించినవే. రెండూ ఎదుటివారి జాలరులను పట్టుకుంటూనే ఉన్నాయి. ఎవరూ దీనిని ప్రతీకారమనరు, తమ చట్టమంటారు. కానీ విడుదలలు మాత్రం నేరాన్ని బట్టి కాక, ఇరుప్రభుత్వాల పొత్తును బట్టి జరుగుతాయని నా అభిప్రాయం. ప్రతి జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవాలని 2008లో ఒప్పందం చేసుకున్నారు. మనుషుల పద్దు!

2020 జనవరిలో ఇరవైమంది వాఘా మీదుగా తిరిగివచ్చారని పెద్దాయనకు చెప్పాను.

"రోడ్డునా? మరి పడవలు?"

రాలేదన్నాను. ఆయన చేతిలో వల ఆగిపోయింది.