కుడి పక్క

బోస్టన్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో 2022 జనవరిలో ఉన్నాం. బయట మోకాలి లోతు మంచు. ఏం చేస్తాం, టీవీయే గతి. 18వ తేదీ రాత్రి మనవడు ఐస్ హాకీ పెట్టాడు. నాకు ఆ ఆటలో పక్ ఎక్కడుందో కూడా కనిపించదు. ఆట మొదలవకముందే మైదానం పైకప్పుకి 22 నంబరు జెండా ఎత్తారు. స్టేడియమంతా లేచి నిలబడింది. ఎవరికిదంతా అంటే, విల్లీ ఓరీ అని మనవడు చెప్పాడు. ఆ పెద్దాయన అక్కడ లేడు. 86 ఏళ్ల వయసులో శాన్‌డియాగోలోని ఇంటి నుంచి తెరమీద కనిపించాడు.

1958లో సరిగ్గా అదే తేదీన ఆయన బోస్టన్ బ్రూయిన్స్ తరఫున మాంట్రియల్‌లో ఆడాడు. ఎన్.హెచ్.ఎల్.లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. కెనడాలోని ఫ్రెడరిక్టన్‌లో 13 మంది పిల్లల్లో కడగొట్టువాడు. ఇంతవరకూ గొప్పగానే అనిపించింది కానీ, తర్వాత వ్యాఖ్యాత చెప్పిన మాటకి నేను సోఫాలో సర్దుకుని కూర్చున్నాను. ఆయనకి కుడి కన్ను కనిపించదట.

1955-56 సీజన్‌లో, ఒంటారియోలో జూనియర్ జట్టుకి ఆడుతుండగా పక్ వచ్చి కంటికి తగిలింది. ఆ కంట్లో 95 శాతం చూపు పోయింది. ఇక ఆడలేవన్నాడు డాక్టరు. కొన్ని వారాలకే మళ్లీ మంచు మీద ఉన్నాడు. ఒంటికన్ను వాళ్లని ఆడనివ్వకూడదని లీగ్ నిబంధన. అందుకే తల్లిదండ్రులకి కూడా చెప్పలేదు. ఎడమ వింగ్‌లో ఆడేవాడికి బంతి కుడి పక్క నుంచే వస్తుంది కదా (బంతి అన్నందుకు మనవడు నవ్వాడు). ప్రతిసారీ తలంతా కుడికి తిప్పి ఎడమ కంటితో చూసుకోవాలి. ఈలోగా ఎదుటివాడు వచ్చి గుద్దేస్తాడు. గుద్దులకి తోడు తిట్లు. చికాగోలో ఒకడు కర్ర చివరతో మూతిమీద పొడిస్తే ముందుపళ్లు ఊడాయి.

ఎన్.హెచ్.ఎల్.లో ఆయన ఆడింది మొత్తం 45 మ్యాచ్‌లు, చేసినవి 4 గోల్స్. 1961 తర్వాత మళ్లీ పిలుపు రాలేదు. కింది లీగుల్లో లాస్‌ఏంజెలిస్‌కీ, శాన్‌డియాగోకీ ఆడాడు. అక్కడ కోచ్ ఆయన్ని కుడి వింగ్‌కి మార్చాడు. ఇప్పుడు పక్ ఎడమ నుంచి, బాగున్న కంటివైపు నుంచి వస్తుంది. 1964-65లో 38 గోల్స్ కొట్టాడు! నాలుగేళ్లకి మళ్లీ 38. నలభై మూడేళ్ల దాకా ఆడి, 1979లో మానేశాడు.

నాకెందుకు ఇంత పట్టిందంటే, నాదీ కుడి కన్నే. ఏడో తరగతిలో గోటీబిళ్ల ఆడుతుంటే బిళ్ల ఎగిరొచ్చి తగిలింది. పైకి కన్ను మామూలుగానే ఉంటుంది, నీడలు తప్ప ఏమీ కనిపించదు. సంబంధాలు చూసేటప్పుడు మా నాన్న ‘‘చెప్పకురా, తప్పిపోతుంది’’ అన్నాడు. నేనూ చెప్పలేదు. పెళ్లిచూపుల్లో అమ్మాయిని ఒంటికంటితోనే చూశాను. పెళ్లయిన నాలుగో నెలలో ఆవిడ కుడిపక్క నుంచి కాఫీ గ్లాసు అందిస్తే చేత్తో తన్నేశాను. అప్పుడు చెప్పక తప్పలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. కన్ను పోయినందుకు కాదు, దాచినందుకు. మూడో రోజు కూరగాయలకి వెళ్తూ ఏమీ అనకుండా నా కుడిపక్కకి వచ్చింది. అంతే, తర్వాత మా మధ్య ఆ మాటే రాలేదు.

కొడుక్కి మాత్రం చెప్పలేదు. మొదట చిన్నవాడని, తర్వాత చదువని, ఆ తర్వాత మరేదో. ఇక్కడికొచ్చాక వాడు కారెక్కమని కుడివైపు నుంచి చెయ్యి పట్టుకుంటే ఉలిక్కిపడేవాణ్ని. ‘‘వయసైపోయింది నాన్నా’’ అనేవాడు. నవ్వి ఊరుకునేవాణ్ని.

ఆ రాత్రి బ్రూయిన్స్ 7-1తో చిత్తుగా ఓడిపోయింది. మనవడు అలిగి పడుకున్నాడు. అప్పుడు వాడికి చెప్పాను. కాసేపు నా మొహంలోకి చూసి, ఏ కన్నో పోల్చుకోలేక, ‘‘అమ్మకి తెలుసా?’’ అనడిగాడు.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. ‘‘నలభై ఏళ్లుగా మీ నాన్నకి కుడిపక్కన నడుస్తున్నది ఎవరనుకున్నావురా?’’