చెంబు మెడ

మొన్న పండక్కి ఊరెళ్ళి అటక సర్దుతుంటే నాయనమ్మ ఇత్తడి చెంబు దొరికిందండీ. నల్లబడింది, రెండు సొట్టలు పడ్డాయి, అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కించిన ఆవిడ పేరు సగం అరిగిపోయింది. అయినా మెడ పట్టుకోగానే నా వేళ్ళు వాటి చోటు అవి చూసుకున్నాయి.

ఒక్కసారి చెంబును పరకాయించి చూడండి. పొట్ట గుండ్రం, మెడ సన్నం, మూతి మళ్ళీ విచ్చుకుంటుంది. ఏదీ సోకు కోసం కాదు. మెడ సన్నం గనుక నిండు చెంబుతో పొలం గట్టు మీద నడిచినా నీళ్ళు తొణకవు. మూతి విచ్చుకుంది గనుక తడిచేతిలోంచి కూడా జారదు. మెడకు తాడు బిగించి బావిలోకి వదిలితే ఆ ఉరి ఊడకుండా పట్టి ఉంచేదీ ఆ అంచే. వంపితే ధార ఒక్కచోటే పడుతుంది.

ఆ ధార విలువ మిరపచేలో తెలుస్తుంది. కోతల రోజుల్లో కూలీల చేతులు నిప్పుల్లా మండేవి. ఆ చేతులతో గ్లాసు ముట్టుకుంటే తరవాత తాగేవాళ్ళ పెదాలు మండుతాయి. నాయనమ్మ ముందు చేతులు కడుక్కోడానికి పోసేది, ఆనక దోసిట్లోకి తాగడానికి. "ఇంకాస్త పొయ్యమ్మా" అనేవాళ్ళు. ఇదే చెంబు మన ఊళ్ళల్లో కొందరికి ఎడంగా నిలబడి, పైనుంచి నీళ్ళు పోసింది కూడా. చెంబు మీద నాకెంత మమకారమున్నా ఆ సంగతి దాచి రాయలేను.

చెంబును మెచ్చింది మనవాళ్ళే కాదు. మన ప్రభుత్వం పిలిస్తే ఛార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా డిజైనర్ దంపతులు వచ్చి దేశం తిరిగి చూశారు. 1958లో ఇచ్చిన నివేదికలో, తాము చూసి మెచ్చిన వస్తువులన్నిటిలోకీ బహుశా గొప్పది, అందమైనది చెంబేనన్నారు. లోటా అని రాశారనుకోండి. అలాంటిది చేయాలంటే ఏమేం ఆలోచించాలో కూడా వరసగా రాశారు: ఎన్ని నీళ్ళు పట్టాలి, చేతికెలా అమరాలి, నెత్తిన పెట్టుకుంటే, చంకనెత్తుకుంటే ఎలా నిలవాలి, రాతి మీద పెడితే ఎలా మోగాలి, చివరికి పాతబడితే ఎంత వస్తుంది. ఏ ఒక్కరో చేసింది కాదు, తరతరాల చేతులు దిద్దిందన్నారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. దాని తోబుట్టువు లాంటి సంస్థ 2015లో మన గుంటూరు పక్కనే, నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో మొదలైంది.

వాళ్ళ జాబితాలో నన్ను కట్టిపడేసింది ఆ మోత. మా ఇంట్లో తెల్లారడమంటే బావిగట్టు మీద చెంబు పెట్టిన చప్పుడే. ప్లాస్టిక్ మగ్గుకు ఆ గొంతు లేదు. పిడి విరిగిందా, పెంటకుప్పే దాని గతి. చెంబుకు సొట్ట తీయించుకోవచ్చు. ఇంక పనికిరాదనుకుంటే తూకానికి వేసి కొత్తది తెచ్చుకోవచ్చు.

చింతపండు, బూడిద వేసి నేనే తోమాను. కాసేపట్లోనే పచ్చగా మెరిసింది. సొట్టలు మాత్రం తీయించలేదు, అవి నాయనమ్మవి. మీ అటక మీదా ఒకటి ఉండే ఉంటుంది. దించండి. అద్దాల బీరువాలో మాత్రం పెట్టకండి. నిండా నీళ్ళు పోసి, ఇంటికొచ్చిన వాళ్ళకు చేతికివ్వండి.