బెల్లం మార్కెట్లో కబడ్డీ కబుర్లు

అనకాపల్లి బెల్లం మార్కెట్ దగ్గర 2025 ఆగస్టులో టీకి ఆగితే ఒకటే టాపిక్. 2018 తర్వాత ప్రో కబడ్డీ మళ్లీ వైజాగ్ వస్తోందని! 2025 ఆగస్టు 29న తొలి మ్యాచే మన తెలుగు టైటాన్స్‌కి, తమిళ్ తలైవాస్‌కి.

వరసగా మూడు సీజన్లు ఆఖరి స్థానం. 2024 సీజన్‌లో 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానానికొచ్చాం. ఇంకొక్క మెట్టెక్కుంటే ప్లేఆఫ్సే! ఈలోగా పవన్ సెహ్రావత్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు. అప్పుడు ఆశంతా కెప్టెన్ విజయ్ మలిక్ మీదే.

"నిన్నటిదాకా పవన్‌కి ఈలలేశాం కదా, ఇప్పుడేటి చేద్దాంరా?" అన్నాడొక కుర్రాడు.

"కోర్టులోకి రాగానే చప్పట్లు కొడదాం. కూతకొచ్చాక పట్టేయమని అరుద్దాం!"

టీ గ్లాసులు పక్కన పెట్టి, వైజాగ్ బస్సు టైమింగ్స్ చూడటం మొదలెట్టారు.