తొలి పిలుపు ఎవరికి?

రండి, ఇట్లా మంట దగ్గరికి జరిగి కూచోండి. మా అనంతపురం పల్లెల్లో పుష్యమాసం చలి పొద్దు గూకిందంటే ఒంటిని పట్టుకొని వదలదు. మీ ముందర కూడా ఒక చాట పెడుతున్నా. చెనిక్కాయలు, అదే, కోస్తావాళ్ల వేరుశనగ. ఒలుచుకుంటూ మాట్లాడుకుందాం. పొట్టు మంటలో వేయండి, గింజలు చాటలో వేయండి. నాలుగు నోట్లో వేసుకున్నా మా వదిన ఏమీ అనుకోదు.

మా అన్న కూతురి పెండ్లి మాఘంలో. వక్కాకు మార్చుకున్నది మార్గశిరంలో. నడుమ ఈ పుష్యం శూన్యమాసం, ముహూర్తాలుండవు. పనులకు మాత్రం శూన్యమాసం లేదు. ఇంటికి సున్నం కొట్టాల. మిరపకాయలకు తొడిమలు తీసి ఎండబెట్టాల. కందులు ఇసుర్రాయిలో పగలదీసి బ్యాళ్లు చేయాల. హిందూపురం మార్కెట్ నుంచి వచ్చిన చింతపండుకు గింజలు, ఈనెలు తీయాల. బెల్లం దంచి దాచుకోవాల, ఎందుకంటే ఓళిగలు లేని పెండ్లిని మా వైపు ఎవరూ పెండ్లి అనరు. మీరు బొబ్బట్లంటారే, అవే మా ఓళిగలు. ఇప్పుడు మీరు ఒలిచే ఈ గింజలు ఉండలకు కొన్ని, ఊరిబిండికి కొన్ని. విత్తనానికి మంచి కాయలు ముందే ఏరి మూటకట్టాం. వాటి జోలికి పెండ్లయినా సరే పోకూడదు.

అసలీ పెండ్లి పోయినేడే కావాల్సింది. పిల్లా పిలగాడూ ఇష్టపడ్డారు, పెద్దలు సరేనన్నారు, పైరు మాత్రం చేతికి రాలేదు. మా జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకొని వస్తాయి. ఈశాన్యం వానలకేమో మేం సముద్రానికి దూరం. ఆ పడే కాస్తా అదనుకు పడితే చాలు. చెనిక్కాయ పూత పూసినాక ఊడలు దిగుతుంది. ఆ ఊడ నేలలోకి దిగితేనే కాయ. ఆ వేళకు పదును లేకపోతే నేల బండలా బిగిసిపోతుంది, ఊడ పైపైనే ఎండిపోతుంది. పోయినేడు మా చేన్లో అదే అయింది. మా అన్న తలొంచుకొని వియ్యంకుల ఇంటికి పోయి ఒక ఏడాది గడువు అడిగాడు. ఆ పెద్దాయన ఒక్క మాటన్నాడు: "మావీ అవే చేన్లు కదప్పా. పంట ఎత్తినాకే సేద్దాంలే." ఆ మాట విన్న రోజే మా ఇంట్లో సగం పెండ్లి అయిపోయింది. పిల్లను ఇవ్వడానికి ఇంకేం చూడాల?

చీర సంగతి చెప్పాల మీకు. ముహూర్తం చీరకు మేం ధర్మవరం పోతాం. 2022లో జిల్లాలు విడిపోయి ధర్మవరం, హిందూపురం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి గానీ పెండ్లి చీరకు మా దారి మారలేదు. పెండ్లికూతురికి బెంగళూరులో ఉద్యోగం. శనివారం రైలు దిగి నేరుగా అక్కడికే వచ్చింది. నేసే ఇంట్లో మగ్గం పక్కనే చాప పరిచి చీరలు విప్పారు. రెండు రంగులు కలగలిసి మెరిసే ఒళ్లు, దానికి ఎదురు రంగులో వెడల్పాటి జరీ అంచు. పిల్ల ఒక అంచు మీద వేలు పెట్టి ఈ తీగ బలే ఉంది అంది. అది లేపాక్షి గుడి లతామండపం స్తంభాల మీద ఉండే తీగేనమ్మా అన్నాడు నేసే ఆయన. రాతి మీది చెక్కడాలు చూసి అంచులు నేయడం వాళ్లకు పెద్దల నాటి విద్య.

లేపాక్షికి పోయినారా మీరు? అదే గుడి ప్రాకారంలో కల్యాణ మండపం ఉంది. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ మొదలుపెట్టించిన పని. శివపార్వతుల పెండ్లి, దానికి వచ్చిన దేవతలు, రుషులు, దిక్పాలకులు అందరూ స్తంభాల మీద ఉన్నారు. మండపం మాత్రం పూర్తి కాలేదు, పైన కప్పు లేదు. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ వచ్చినవాళ్లు ఎండకూ వానకూ అట్లే నిలబడి ఉన్నారు. చూసిన ప్రతిసారీ నాకు ఒకటే తోస్తుంది. పెండ్లికి మండపం కంటే వచ్చి నిలబడే మనుషులు ముఖ్యం.

ఆ మాటే మా పిల్లకు చెప్పాల్సి వచ్చింది. మొన్న సంక్రాంతి సెలవుకు వచ్చినప్పుడు, ఇదే మంట దగ్గర, "అత్తా, అన్నీ క్యాటరింగ్ వాళ్లకు అప్పజెబితే పోలేదా? అమ్మ చేతులు చూడు, మిరపకాయలకు ఎట్లా మండుతున్నాయో" అని అడిగింది. తల్లి మీద ప్రేమతో అడిగిన మాట అది, కొట్టెయ్యలేం. వంటవాళ్లను మేమూ మాట్లాడుకున్నాం. అయితే ఈ మూడు నాలుగు వారాల పని ఎందుకుందో ఆ పిల్లకు తెలియాల. అందుకని మా అన్న పెట్టెలోంచి ఒక నోటుపుస్తకం తీసుకొచ్చా.

అది 28 ఏళ్ల కిందటి చదివింపుల పుస్తకం, మా అన్న పెండ్లిది. మొదటి పేజీలో పసుపు మరకలు. ఒకరు 51 రూపాయలు, ఒకరు స్టీలు బిందె, ఒకరు అయిదు పడుల కందిబ్యాళ్లు, ఒకరు రవిక గుడ్డ. కరువు నేలలో ఇది వడ్డీ లేని చీటీ. నా ఇంట పెండ్లికి నువ్వు పెట్టినావు, నీ ఇంట పెండ్లికి నేను పెడతా. దీన్నే మా వైపు ముయ్యి అంటారు. ఏ ఏడు ఎవరి చేను పండుతుందో తెలియని చోట, పండినవాళ్లు ఎండినవాళ్లకు ఇచ్చుకునే పద్ధతి ఇది. అందుకే పత్రికలు అచ్చు వేయించే ముందే ఈ పుస్తకం తీసి, ఎవరింటికి బొట్టు పెట్టి పిలవాల, ఎవరికి మనం బాకీ అని రాసుకుంటాం.

పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాను. గోడకు ఆనుకొని మా అమ్మ వింటోంది. ఎనభై దాటిన మనిషి. అంతా అయినాక అడిగింది: "నీళ్ల బండోల్ల పేరు యాడుంది?"

లేదు. పుస్తకంలో లేదు.

మా అన్న పెండ్లి వైశాఖంలో. అప్పటికే సత్యసాయి తాగునీటి పథకం కింద జిల్లాలో వందల పల్లెలకు నీళ్లు వస్తున్నాయి గానీ, ఆ వేసవికి మా ఊరికి కొళాయి ఇంకా చేరలేదు. మా బావి అడుగంటింది. దిగువ వీధి నుంచి ఒకాయన తన ఎద్దుల బండికి డ్రమ్ములు కట్టుకొని మూడు రోజులు రెండు మైళ్ల అవతలి బావి నుంచి నీళ్లు తోలాడు. ఆయన భార్య మా ఇంటి ముందు తొట్లు నింపింది. చదివింపుల వేళ వాళ్ల చేతిలో రూపాయి లేదు, కాబట్టి రాసేవాడు పేరు రాయలేదు. ఇద్దరూ చప్పరం చివర కూచొని భోంచేసి పోయారు.

"పుస్తకంలో ఉండేటోల్లే మనోల్లని ఎవురు సెప్పినారు?" అంది మా అమ్మ. "ఆ నీళ్లు లేకపోతే ఆ పొద్దు పొయ్యి యాడ ఎలిగేది?"

మా పిల్ల చాట పక్కన పెట్టి కలం అడిగింది. 28 ఏళ్ల తరువాత, పుస్తకం చివరి పేజీలో, "మూడు రోజుల నీళ్లు" అని తన చేత్తో రాసింది. ఆ దంపతులు ఇప్పుడు బెంగళూరు పొలిమేరల్లో కొడుకు దగ్గర ఉన్నారు. వానలు లేక వలస పోయిన ఎన్నో కుటుంబాల్లో వాళ్లదొకటి. పోయిన ఆదివారం మా అన్నావదినా పసుపు, కుంకుమ, వక్కాకు తీసుకొని బస్సెక్కి వెతుక్కుంటూ పోయి తొలి పిలుపు వాళ్లకే పిలిచి వచ్చారు. పెండ్లికి నాలుగు రోజులు ముందే వస్తామన్నారట.

అప్పు చేసి డీజేలు, డ్రోన్లు పెట్టే పెండ్లిళ్లు మా పల్లెలకూ వచ్చాయి. బోరు కోసం చేసిన అప్పు తీరకముందే దాని మీద పెండ్లి అప్పు పడితే ఆ ఇల్లు లేచి నిలబడటం కష్టం. కళ్లారా చూసి చెబుతున్నాను, దయచేసి ఆ దారి పట్టకండి. పిల్లలకు పుట్టింటి గుర్తుగా మిగిలేది ఈ వారాల్లో పక్కన కూచొని చెనిక్కాయలు ఒలిచినవాళ్ల ముఖాలు.

మీ ఇంట్లో ఈ మాఘంలోనో వైశాఖంలోనో పెండ్లి ఉంటే, పత్రికల పని పట్టకముందే పాత చదివింపుల పుస్తకం తీయండి. చదివి పక్కన పెట్టేయకండి. ఇంట్లో పెద్దామె ఉంటే ఆమెను అడగండి, ఇందులో లేనివాళ్లు ఎవరమ్మా అని. ఆమె చెప్పిన పేర్లు రాసుకోండి. తొలి పిలుపు వాళ్లకే పిలవండి.