మూడు రెక్కల పొందిక: విజయవాడలో బాణాలు సిద్ధమయ్యే గది

పోటీల్లో వాడే నేటి బాణం నాలుగు భాగాల కూర్పు: ముందు చివర బరువునిచ్చే లోహపు మొన, నడుమ షాఫ్టు అని పిలిచే కార్బన్ లేదా అల్యూమినియం గొట్టం, వెనుక చివర వింటినారిని పట్టి నిలిపే నాక్ అనే ప్లాస్టిక్ గాడి, ఆ గాడికి కొద్దిగా ముందు షాఫ్టు చుట్టూ సమదూరాల్లో నిలిచే మూడు రెక్కలు. పక్షి ఈకతో చేసిన రెక్కను ఈక అనే అంటారు. ప్లాస్టిక్ వంటి పదార్థాలతో చేసినదానికి వేన్ అనే పేరు విలుకాండ్ర వాడుకలో స్థిరపడింది. మొదటి మూడు భాగాలు కర్మాగారంలో తయారై వస్తాయి గానీ, రెక్కలను మాత్రం చాలా సందర్భాల్లో విలుకాడో, శిక్షకుడో, పరికరాల బాధ్యత చూసే మనిషో తన చేతులతో అతికించుకోవలసి ఉంటుంది. విజయవాడలోని ఒక విలువిద్య శిక్షణ కేంద్రంలో, మైదానానికి ఆనుకుని ఉన్న చిన్న మరమ్మతు గదిలో ఆ పని ప్రతి సాయంత్రం జరుగుతుంది.

ఈ విద్యలో విజయవాడకున్న స్థానం చిన్నది కాదు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో సెమీఫైనల్ చేరిన బొమ్మదేవర ధీరజ్ ఈ నగరానికి చెందినవారే. సురేఖది కాంపౌండ్ విల్లు, అంటే నారి లాగేటప్పుడు పడే భారాన్ని కప్పీల సాయంతో తగ్గించే యంత్రపు విల్లు. ధీరజ్‌ది రికర్వ్, అంటే కొనలు ముందుకు వంగి ఉండే, నారిని వేళ్లతో లాగి వదిలే విల్లు. ఈ రెండింటి బాణాలకు పెట్టే రెక్కలు వేరు, అతికించే పద్ధతులూ వేరు కాబట్టి గదిలోని బల్లను రెండు భాగాలుగా విడదీసుకున్నారు.

రెక్క చేసే పనిని ముందుగా అర్థం చేసుకుంటే ఆ బల్ల మీద కనిపించే శ్రద్ధకు కారణం తెలుస్తుంది. వేళ్ల నుంచి జారే నారి తిన్నగా ముందుకు పోకుండా కొద్దిగా పక్కకు తొలగుతుంది. ఆ తోపుకు బాణం విల్లును దాటుతూ చేపలా అటూ ఇటూ వంగుతుంది. మొన బరువు వల్ల బాణపు గరిమనాభి, అంటే బరువు సమతూకంలో నిలిచే బిందువు, మధ్యభాగం కంటే ముందుకు ఉంటుంది. గాలి ఒత్తిడిని ఎక్కువగా ఎదుర్కొనే రెక్కలు దానికి బాగా వెనుక ఉంటాయి. బాణం తోక ఏ పక్కకు తిరిగినా గాలి ఆ పక్క రెక్కలను నెట్టి దాన్ని మళ్లీ దారిలోకి తెస్తుంది. రెక్కలను షాఫ్టుకు కొద్దిగా ఏటవాలుగా అమరిస్తే బాణం తన అక్షం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. ఆ భ్రమణం వల్ల షాఫ్టులోనో మొనలోనో మిగిలిన చిన్న వంకర బాణాన్ని ఎప్పుడూ ఒకే వైపుకు లాగలేక, అన్ని దిక్కులకూ పంచుకుపోతుంది.

కాంపౌండ్ వైపు బల్ల మీద ఉన్న జిగ్, ఒక వస్తువును ప్రతిసారీ అదే స్థానంలో అదే కోణంలో పట్టి నిలిపే చట్రం. నిటారుగా నిలిచిన లోహపు దిమ్మెకు అడుగున నాక్‌ను ఇరికించే చిన్న పలక, పైన షాఫ్టు ఆనే గాడి, పక్కన అయస్కాంతం ఉంటాయి. రెక్కను అంచు మాత్రమే బయట కనిపించేలా పట్టే పొడవాటి పట్టకారును క్లాంప్ అంటారు. అది అయస్కాంతానికి అతుక్కుని కిందికి జారి షాఫ్టును తాకుతుంది. అడుగున ఉన్న మరను ఒక మెట్టు తిప్పితే బాణం సరిగ్గా 120 డిగ్రీలు తిరిగి రెండో రెక్కకు చోటిస్తుంది. ఒకేసారి మూడు రెక్కలనూ పట్టే జిగ్‌లు కూడా ఉన్నాయి గానీ, ఒక్కొక్కటిగా అతికించే ఈ పాత పద్ధతి జిగ్‌లోనే ప్రతి రెక్కనూ విడిగా చూసి సరిదిద్దుకునే వీలు ఎక్కువ.

పనిలో అతికించడానికి పట్టే కాలం కన్నా శుభ్రం చేయడానికి పట్టే కాలమే ఎక్కువ. ముందుగా చిరిగిన పాత వేన్లను పదును తగ్గిన బ్లేడుతో, షాఫ్టు పొడవునా దాదాపు పడుకోబెట్టినట్టు నడిపి, కార్బన్ పోగులు లేవకుండా గీకి తీస్తారు. పోగు లేచిన షాఫ్టు నారి కొట్టే దెబ్బకు చీలి చేతికి గాయం చేయగలదు కాబట్టి అనుమానం కలిగినదాన్ని పక్కన పెట్టేస్తారు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో జిగురు మరక పూర్తిగా పోయేదాకా తుడుస్తారు. తుడిచిన భాగాన్ని మళ్లీ వేలితో తాకకూడదు. చర్మపు జిడ్డు కంటికి కనిపించకపోయినా, మూడు వారాల తర్వాత ఊడిపోయే రెక్కకు అదే కారణమవుతుంది. వేన్ అడుగు అంచునూ అలాగే తుడిచి, క్లాంప్ మీది కొలత గీతకు దాని వెనుక చివరను ఆనించి, ఫెవిక్విక్ తరహా సయనోఅక్రిలేట్ జిగురును వెంట్రుకంత సన్నని గీతగా రాసి, క్లాంపును మెల్లగా దించి షాఫ్టుకు ఆనిస్తారు.

ఈ జిగురు గట్టిపడటానికి కావలసింది వేడి కాదు, తేమ. గాలిలోనూ ఉపరితలం మీదా ఉన్న నీటి ఆవిరే దాన్ని గట్టిపరుస్తుంది కాబట్టి, కృష్ణా తీరపు ఉక్కపోత రోజుల్లో అది పొడి ప్రాంతాల్లో కన్నా తొందరగా బిగుస్తుంది. రెక్కను సర్దుకునే వ్యవధి అంతమేరకు తగ్గుతుంది. సీసాను ఫ్రిజ్‌లో దాచి, వాడే ముందు బయట పెట్టి గది వేడికి వచ్చాకే మూత తీయడం ఇక్కడి నియమం; చల్లని సీసాను వెంటనే తెరిస్తే లోపల తేమ చేరి మిగిలిన జిగురంతా పాడవుతుంది. పన్నెండు పదమూడేళ్ల అమ్మాయి ఒకరు క్లాంపును తొందరగా పైకి లాగబోతే, బల్ల దగ్గర ఉన్న పెద్దాయన ఆపి చెప్పిన మాట ఆ గది పద్ధతిని బాగా తెలియజేస్తుంది: "కంగారు పడకమ్మా, ఇరవై లెక్కపెట్టు, అప్పుడు క్లాంప్ నోరు తెరిచి పక్కకు తియ్యి." ఆ అమ్మాయి "సరే సార్" అని పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. మూడు రెక్కలూ నిలిచాక ప్రతి రెక్క ముందు కొసనా వెనుక కొసనా ఒక్కో చుక్క జిగురు పెడతారు, ఎందుకంటే బాణం గురి దిమ్మెలో దిగబడేటప్పుడు రెక్క మొదట లేచేది ముందు కొస నుంచే.

జిగ్ అవసరాన్ని కొలతలు స్పష్టం చేస్తాయి. 5.5 మిల్లీమీటర్ల వ్యాసం గల షాఫ్టు చుట్టుకొలత సుమారు 17.3 మిల్లీమీటర్లు, మూడు రెక్కల మధ్య దూరం 5.8 మిల్లీమీటర్లకు మించదు; దాని ఉపరితలం మీద ఒక డిగ్రీ అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. 50 మిల్లీమీటర్ల పొడవున్న వేన్‌ను 2 డిగ్రీల ఏటవాలుగా పెడితే దాని రెండు కొసల మధ్య పక్కకు తేడా 1.75 మిల్లీమీటర్లు. ఇంత చిన్న తేడాలను పన్నెండు బాణాల మీద ముప్పై ఆరు సార్లు ఒకే విధంగా నిలపడం కంటికీ చేతికీ సాధ్యమయ్యే పని కాదు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది: ఏటవాలు 2 డిగ్రీలకు బదులు ఒకటిన్నర డిగ్రీ అయినా పెద్ద నష్టం లేదు, అన్ని బాణాలకూ అదే ఒకటిన్నర ఉన్నంతకాలం. గురి తప్పిన బాణాల సమూహం అంతా ఒకే చోట పడితే విలుకాడు గురిచూసే పరికరాన్ని జరిపి సరిచేసుకోగలడు. ఒక్కో బాణం ఒక్కో దారి పడితే ఎంత నైపుణ్యమూ దాన్ని సరిచేయలేదు. ప్రపంచ విలువిద్య సమాఖ్య నియమం కూడా ఒక విడతలో వాడే బాణాలన్నిటికీ రెక్కల అమరిక, రంగు, నాక్ ఒకేలా ఉండాలని, ప్రతి షాఫ్టు మీదా క్రీడాకారుడి పేరో పొడి అక్షరాలో ఉండాలని కోరుతుంది.

బల్ల రెండో వైపు రికర్వ్ బాణాలకు అమర్చేది స్పిన్ వింగ్ అనే రకం, అంటే పొడవునా ఒక పక్కకు వంపు తిరిగిన పల్చటి ప్లాస్టిక్ రెక్క. 70 మీటర్ల దూరం నుంచి 12.2 సెంటీమీటర్ల పది పాయింట్ల వలయాన్ని కొట్టవలసిన ఒలింపిక్ విలుకాండ్రలో చాలామంది ఎంచుకునేది దీన్నే, ఎందుకంటే ఇది చాలా తేలిక, బాణాన్ని వేగంగా తిప్పుతుంది. దీనికి జిగురు వాడరు. జిగ్‌లో షాఫ్టును నిలిపి మూడు సన్నని గీతలు గీసి, ఆ గీతల వెంట రెండు వైపులా అంటుకునే టేపుతో రెక్కను పెట్టి, ముందూ వెనుకా సన్నని టేపు చుట్టి బిగిస్తారు. మైదానంలో ఒక రెక్క చిరిగితే రెండు నిమిషాల్లో మార్చుకోగల సౌకర్యం ఈ పద్ధతిలో ఉంది.

చుట్టి బిగించే ఈ పద్ధతి కొత్తది కాదు. 1545లో మునిగి 1982లో సముద్రం నుంచి పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన వేలాది బాణాలకు ఈకలు నశించిపోయినా, వాటిని షాఫ్టుకు కట్టిన దారపు జాడలు మిగిలాయి. లండన్‌లో బాణాలకు ఈకలు కట్టేవారు 1371లోనే విల్లులు చేసేవారి నుంచి విడిపోయి తమది ప్రత్యేక వృత్తిగా గుర్తింపు కోరారు. మన మహాభారతం బాణాలను కంకపత్రాలని, అంటే కంకమనే పెద్ద పక్షి ఈకలు కట్టినవని వర్ణిస్తుంది. ఒకనాడు వేరే వృత్తిగా నిలిచిన ఈ నైపుణ్యం నేడు విలుకాడి చేతికే తిరిగి రావడం మంచి పరిణామమనే చెప్పాలి; తన బాణాన్ని తానే సిద్ధం చేసుకున్న విద్యార్థికి అది ఎందుకు అలా ఎగురుతుందో బోధించడం తేలిక.

సహజమైన ఈక ఈ గదికి పూర్తిగా దూరం కాలేదు. మన దేశంలో కొత్తగా నేర్చుకునే పిల్లలు వెదురు విల్లులతో 30, 50 మీటర్ల దూరాలకు ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. కార్బన్ బాణాలు కొనలేని కుటుంబాల పిల్లలకు ఈ విద్యలోకి తెరిచి ఉన్న తలుపు అదే కాబట్టి, ఖరీదైన వేన్లకు ఎంత శ్రద్ధ పెడతారో వారి ఈకల బాణాలకూ అంతే శ్రద్ధ పెట్టడం ఈ కేంద్రంలో మెచ్చుకోదగిన విషయం. ఈకకు సహజంగానే ఒక వంపు ఉంటుంది. పక్షి కుడి రెక్క ఈక ఒక వైపుకు, ఎడమ రెక్క ఈక మరో వైపుకు వంగుతుంది. రెండింటినీ ఒకే బాణానికి కలిపితే అవి ఒకదానికొకటి ఎదురు తిప్పుతాయి కాబట్టి ఈకలను ముందే రెండు డబ్బాలుగా వేరుచేసి, ఒక డబ్బాకు తగ్గ వంపు ఉన్న క్లాంపునే వాడతారు.

అతికించిన బాణాలను మరుసటి రోజు పౌడరుతో పరీక్షిస్తారు. బాణం ఆనే ఆధారం మీద పౌడరు చల్లి కొన్ని బాణాలు వదిలాక ఎక్కడైనా గీత పడితే, రెక్క విల్లును రాసుకుంటూ పోతున్నదని అర్థం. అప్పుడు వేన్‌ను పీకకుండా, నాక్‌నే కొద్ది డిగ్రీలు తిప్పి, గీత పడని స్థానం దొరికేవరకు మళ్లీ మళ్లీ వదిలి చూస్తారు. ఆ స్థానం తేలాక మిగిలిన బాణాలన్నిటి నాక్‌లనూ దానికి సరిపోల్చి తిప్పి, జిగ్ అడుగు పలకను కూడా అదే కోణానికి మార్చుకుంటారు, తర్వాతి జత వేన్లు మొదటి నుంచే ఆ స్థానంలో పడేలా.