చీపురుపల్లి నుండి గగనయాత్ర

విజయనగరమునకు ఈశాన్యముగా సుమారు 30 కిలోమీటరుల దూరమున, హౌరా నుండి చెన్నపట్టణమునకు పోవు ఇనుపదారిమీద మా చీపురుపల్లి యున్నది. పొరుగున గరివిడి, గర్భాము ప్రాంతములు మాంగనీసు గనులకు పేరుపడినవి. మా యూరివారికి మఱియొక ప్రసిద్ధి కనకమహాలక్ష్మీ అమ్మవారి జాతర. ఆ దినములలో చుట్టుపట్ల పల్లెలనుండి ఇంటిల్లపాదియు కదలి వచ్చును. ముసలమ్మను నడుమ కూర్చుండబెట్టుకొని, పిల్లలను ఒడిలోనికి లాగికొని, ఉన్న చోటులోనే ఇంకొకరికి చోటిచ్చుట మా ప్రాంతపు ప్రయాణధర్మము.

రైలులోను మాకు ఈ ధర్మమే అలవడినది. ఎదురెదురుగా కూర్చుండిన రెండు కుటుంబములు జామి దాటులోపల చుట్టరికము కలుపుకొనును. జంతికల డబ్బా ఒకరిదైన, మంచినీళ్ల చెంబు మఱియొకరిది. రైల్వేశాఖవారు నిద్రపెట్టెలలో 60 ఏండ్లు నిండిన పురుషులకును, 45 ఏండ్లు నిండిన స్త్రీలకును, గర్భిణులకును క్రిందిపడకల కొఱకు ప్రత్యేకముగా కొంతభాగము కేటాయించిరి. అందులకు అదనపు రుసుము లేదు. దొరకనప్పుడు ఎవరినో బతిమాలుకొనుటయు కలదు. అయినను వృద్ధురాలికి ఒక హక్కున్నదను మాట అక్కడ నియమములలోనే యున్నది.

2025వ సంవత్సరము ఫిబ్రవరిలో మా ఆడపడుచు సీమంతమునకై హైదరాబాదు పోవలసివచ్చెను. మేము ఐదుగురము: మా యింటివారు, మేము, మా అత్తగారు, పదుమూడేండ్ల కుమారుడు, తొమ్మిదేండ్ల కుమార్తె. అత్తగారికి మోకాళ్లనొప్పులు, రాత్రియంతయు రైలులో ప్రయాణించు శక్తి ఆమెకు లేదు. విమానమైన గంట పైచిలుకులో చేర్చును. టిక్కెట్టు వెల చూడగా ఉపాధ్యాయుని జీతమునకు మరీ మించినదిగా తోపలేదు. డబ్బు చెల్లింపబోవు వేళ ఆసనముల పటము కన్నులయెదుట నిలిచెను. కోరిన ఆసనమునకు మనిషికి 350 రూపాయలట! ఐదుగురికి 1,750, తిరుగు ప్రయాణమునకు మఱల అంతయే. అత్తగారి యొక్కరికే కొందమన్న ప్రయోజనము లేదు. ఆమె పక్కచోటును కొననిదే పక్కన ఎవరుందురో తెలియదు గదా! పెద్దముత్తయిదువను చూచి ఎవరైన సర్దకపోదురా యని మా యింటివారు అనిరి. కొనకయే టిక్కెట్టులు తీసికొంటిమి.

తెల్లవారుజామున కారులో బయలుదేరితిమి. విజయనగరము దాటి, మామిడితోటల నడుమనుండి పోయి, సింహాచలపు కొండను చూచి నమస్కరించి, విశాఖ విమానాశ్రయము చేరితిమి. అచట మా పేరుల కాగితములు చేతికి వచ్చినవి. అమ్మాయియు మేమును 24వ వరుసలో, మా యింటివారు 9లో, అబ్బాయి 17లో, అత్తగారు 28వ వరుస నడిమి ఆసనమున. బల్లకడ నున్న చిన్నది మర్యాదగనే చెప్పినది: పిల్ల విషయమున నియమమున్నది గనుక తల్లి పక్కన వేసితిమి, పెద్దవారికి అట్టి నియమము లేదు, మిగిలినవి వెలగట్టిన చోటులే యని.

అత్తగారు మా కొంగు పట్టుకొని, “వాళ్ల మాట నాకు తెలియదు, నా మాట వాళ్లకు తెలియదు. ఏదైనా కావాలంటే ఎవరిని అడగనే అమ్మా?” అనిరి. ఆమెకు అది మొదటి విమానయాత్ర. చెవులు దిబ్బడవేయునని గాని, నడుమునకు పట్టెడ బిగింపవలెనని గాని ఆమె యెఱుగదు.

విమానమెక్కినపిదప మా వరుసలో మూడవచోట ఒక యువకుడు కూర్చుండెను. నడవప్రక్క చోటును ఆయన డబ్బిచ్చి కొనుక్కొన్నాడు. వెలయిచ్చినవానిని లెమ్మనుటకు మాకు నోరు రాలేదు. మా మాటలు విని ఆయనయే లేచి, “అమ్మగారిని ఇక్కడకు పిలవండి” అని 28వ వరుసలోని నడిమి చోటునకు పోయెను. రూపాయలు ఇయ్యబోగా పుచ్చుకొనలేదు. విమానము దిగునపుడు చెవినొప్పికి అత్తగారు కన్నులు మూసికొని మా చేయి గట్టిగా పట్టుకొనిరి. ఆ చేయి పక్కన లేకున్న ఆ పది నిమిషములు ఆమె కెట్లు గడచునో యని తలంచుకొంటిమి. రొక్కము సంస్థకు పోయెను. త్యాగము మాత్రము ఆ యువకుని పాలాయెను. ఈ పద్ధతిలోని లోపము ఇదియే. సంస్థ చేయవలసిన సర్దుబాటు తోడి ప్రయాణికుని దయపై పడుచున్నది.

ఈ వెలల పుట్టుక యెట్టిదో సోదరీమణులు తెలిసికొనదగును. మన దేశమున చౌకవిమానములు 2003లో ఎయిర్ డెక్కన్‌తో ఆరంభమైనవి. ఒక్క టిక్కెట్టులో ఇమిడియున్న భోజనము, సామాను, ఆసనపు ఎంపిక మున్నగువానిని విడదీసి, మూలధరను తగ్గించి, విడదీసిన వానికి వేఱువేఱుగ వెలకట్టుట ఈ వ్యాపారపు కీలకము. భోజనమక్కఱలేనివాడు భోజనమునకు చెల్లింపనక్కఱలేదు గనుక అందు న్యాయము లేకపోలేదు. ఈ విమానములు పెక్కింటిలో నడవకు అటు మూడు, ఇటు మూడుగా వరుసకు ఆరు ఆసనములుండును. అందు రెండు కిటికీవి, రెండు నడవవి, రెండు నడిమివి. కిటికీని కోరువాడు వెలయిచ్చుట సబబే. కాని అవ్వ పక్కన మనుమడు కూర్చుండుట కిటికీవంటి వేడుక కాదు, అది అవసరము.

ఈ భేదమును ప్రభుత్వమువారు కొంతవఱకు గుర్తించిరి. పౌరవిమానయాన డైరెక్టరేటు జనరలువారు 2024 ఏప్రిల్‌లో ఒక యుత్తరువు చేసిరి. పండ్రెండేండ్ల వఱకు గల పిల్లలకు, ఒకే పి.ఎన్.ఆర్.పై ప్రయాణించు తలిదండ్రులలో లేక సంరక్షకులలో కనీసమొకరి పక్కన చోటు కల్పింపవలెననియు, ఆ లెక్క వ్రాసి యుంచవలెననియు అందలి విధి. ఆసనపు రుసుము మున్నగునవి ప్రయాణికుడు కోరినప్పుడే చేర్పవలెను గాని నిర్బంధింపరాదు. మా అమ్మాయి మా పక్కన కూర్చుండుట ఈ యుత్తరువు చలువయే. పదుమూడవయేట అడుగిడిన మా అబ్బాయియు, డెబ్బదియేండ్ల మా అత్తగారును దాని నీడలోనికి రాలేదు.

ఇది మన దేశపు చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ సంస్థ 1971 నుండి అర్ధశతాబ్దమునకు పైగా, ముందెక్కినవారు ముందు కూర్చుండు పద్ధతిని నడపి, దానిని విడనాడుదుమని 2024లో ప్రకటించెను. అదే యేడు ఆగష్టులో అచటి రవాణాశాఖ, పదుమూడేండ్లు, అంతకు లోపు పిల్లలను తలిదండ్రుల పక్కన ఉచితముగా కూర్చుండబెట్టవలెనని ఒక నియమమును ప్రతిపాదించెను. అక్కడను మాట పిల్లలవఱకే. వృద్ధుల ఊసు లేదు.

విమానము కదలకముందు పరిచారిక చూపు విధానమును గమనింపుడు. గాలి తగ్గినపుడు పైనుండి ముసుగు దిగును. ముందు మీది మీరు తగిలించుకొని, పిదప పక్కవారికి సాయపడుడని చెప్పుదురు. పక్కనున్నది మనవారు కానిచో, వణకు చేతుల ముసలమ్మకు ఎవరు తగిలింతురు? ఆపద వేళ తల్లిని వెదకుచు కొడుకు ఎదురునడచిన ఎల్లవారికిని త్రోవ అడ్డుపడదా? కావున కలసి కూర్చుండుట మమకారమునకే గాక క్షేమమునకును సంబంధించినది.

మన పెద్దలు పుష్పకవిమానమును గూర్చి చెప్పుచు, ఎందఱెక్కినను మఱియొకరికి చోటు మిగిలియే యుండునందురు. రామచంద్రుడు సీతాలక్ష్మణులతోను, వానరవీరులతోను అందే అయోధ్యకు మరలెను. లోహపు విమానమునకు అట్టి మహిమ రాదు. దాని చోటులు లెక్కకు మించవు. కాని లెక్కపెట్టిన చోటులలోనే ఒక యింటివారిని ఒకచోట చేర్చుటకు మహిమ యక్కఱలేదు. ఆసనములను పంచు యంత్రమునకు వయస్సు తెలిపిన చాలును.

అంతవఱకు మనము చేయదగినవి కొన్ని కలవు. ఇంటివారందఱి టిక్కెట్టులు ఒకే పి.ఎన్.ఆర్.పై తీసికొనవలెను, వేఱువేఱుగ తీసినచో పిల్లల నియమమును అడుగుట కష్టమగును. పిల్లల వయస్సును సరిగా వ్రాయవలెను. ఆసనముల పటము వచ్చినపుడు, వెల లేకయే ముందునకు పోవు మార్గమున్నదేమో వెదకవలెను. చెక్-ఇన్ తెరచిన వెంటనే చేసికొనుట మేలు. వృద్ధులున్నచో వారొకరికిని తోడు పోవు ఒకరికిని మాత్రము చోటులు కొనుట, అందఱికిని కొనుటకంటె తక్కువ ఖర్చు.

మా ప్రాంతమునకు ఈ విషయమున ఒక చనవున్నది. మా విజయనగరము నుండి లోక్‌సభకు ఎన్నికైన అశోక్ గజపతిరాజుగారు 2014 నుండి 2018 వఱకు పౌరవిమానయాన మంత్రిగా నుండిరి. పొరుగున శ్రీకాకుళము నుండి ఎన్నికైన కింజరాపు రామ్మోహన్‌నాయుడుగారు 2024 జూన్‌లో ఆ శాఖను స్వీకరించిరి. మా జిల్లాలోని భోగాపురమున అల్లూరి సీతారామరాజుగారి పేరిట కొత్త విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగెను. అది విశాఖకంటె మా యూరికి దగ్గర. దానివలన మా పల్లెల అవ్వలు, తాతలు ఇంకను పెక్కండ్రు గగనమున కెక్కుదురు. పండ్రెండేండ్ల పిల్లకిచ్చిన రక్షణను అరువది దాటినవారికిని, ఒక్కరి తోడైన ఉండునట్లు, ఒక పంక్తి చేర్చి యిచ్చిన చాలును. ఆ పంక్తికై గృహిణులమగు మనము ఉత్తరములు వ్రాయుదము గాక!