పెనుకొండ బండి, కొలంబస్ ప్రీమియం

పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి మా సీమవాళ్లకు ఆ బ్రాండు సొంత మనిషి కింద లెక్క. 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాత చిత్తూరులో, తిరుపతిలో మా బంధువుల ఇళ్ల ముందు మారుతి డిజైర్ల పక్కన సెల్టోస్‌లు, సోనెట్‌లు వచ్చి చేరాయి. నేనుండే ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోనూ ఆ గుర్తు కార్లకు కొదవలేదు. కాకపోతే ఇక్కడ తిరిగేవి పెనుకొండ బండ్లు కావు. ఎక్కువగా కొరియా నుంచో, జార్జియా రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ ఫ్యాక్టరీ నుంచో వస్తాయి.

సెల్టోస్ బుక్ చేద్దామనుకుంటున్న మా తమ్ముడు చిత్తూరు నుంచి ఫోన్ చేశాడు. "ఏం అన్నా, అమెరికాలో ఈ బండ్లను పిల్లకాయలు ఎత్తుకోని పోతా ఉండారంట. ఇన్సూరెన్సోళ్లు పాలసీ కూడా ఇయ్యమంటా ఉండారంట. నిజమేనా? మరి మనకాడ కొనొచ్చునా?"

నిజమే. 2011 నుంచి 2022 దాకా అమెరికాలో అమ్మిన హ్యుందాయ్, కియా కార్లలో తాళంచెవి తిప్పి స్టార్ట్ చేసే మోడళ్లు చాలావాటికి ఇమ్మొబిలైజర్ లేదు. తాళంచెవిలోని చిప్పు కోడ్ ఇంజను కంప్యూటర్‌తో కలిస్తేనే బండి కదలనిచ్చే ఏర్పాటు అది. 2015 మోడల్ కార్లను తీసుకుంటే మిగతా కంపెనీల మోడళ్లలో 96 శాతానికి అది మామూలుగానే వచ్చేది. ఈ రెండు బ్రాండ్లలో 26 శాతానికే. పక్కనున్న కెనడా 2007 నుంచే దాన్ని తప్పనిసరి చేసింది. అమెరికా చట్టం మాత్రం అడగలేదు. మిల్వాకీలో మొదలైన దొంగతనాలు టిక్‌టాక్ వీడియోల పుణ్యమా అని ఊరూరా పాకాయి. 2023 ఫిబ్రవరిలో ఈ రెండు కంపెనీలూ సుమారు 83 లక్షల కార్లకు ఉచితంగా సాఫ్ట్‌వేర్ మారుస్తామన్నాయి. పోలీసు స్టేషన్లలో స్టీరింగుకు బిగించే ఇనుప తాళాలు పంచారు. కొలంబస్‌తో సహా పలు నగరాలు కంపెనీల మీద కోర్టుకెక్కాయి. కొన్ని నగరాల్లో కొన్ని మోడళ్లకు కొత్త పాలసీలు ఇవ్వబోమని పెద్ద బీమా కంపెనీలు చెప్పింది కూడా ఆ ఏడాదే.

ఆ దెబ్బ మన పిల్లల మీద పడింది. ఎమ్మెస్‌కి వచ్చినవాళ్లు మొదట కొనేది అయిదారు వేల డాలర్లలో దొరికే పాత కారు. అలా దొరికేవాటిలో తాళంచెవి కియాలు, హ్యుందాయ్‌లు ఎన్నో. కారు చవకగా వచ్చింది కదా అని సంబరపడితే బీమా కోట్ చూసేసరికి నీరుగారిపోయేవాళ్లు. మా వీధిలో అద్దెకుండే కుర్రవాడొకడికి వచ్చిన కోట్ లెక్కేస్తే రెండేళ్లలో కారు ధరను దాటేట్టుంది. మరో బ్రాండు కొన్నా అతనికి తిప్పలు తప్పేవి కావు. ఎందుకంటే ఇక్కడ ప్రీమియం కట్టేటప్పుడు బండితో పాటు, ఒక్కోసారి బండి కంటే ముందు, మనిషిని చూస్తారు.

వయసు పాతికలోపా? ఎక్కువ కట్టు. అమెరికా లైసెన్సు వచ్చి ఎన్నాళ్లయింది? తిరుపతిలో పదేళ్లు నడిపానంటే చాలా కంపెనీలు ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవు. పెళ్లయిందా? ఏ జిప్‌కోడ్‌లో ఉంటున్నావు? క్రెడిట్ స్కోరెంత? కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్ లాంటి కొద్ది రాష్ట్రాలు క్రెడిట్ స్కోరు చూడొద్దన్నాయి, ఒహాయోలో చూస్తారు. నిన్న దిగిన విద్యార్థికి స్కోరే ఉండదు. పైగా ఈ ధరలు ఊరికే ఉండవు. ప్రభుత్వ ధరల సూచీ ప్రకారం 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో వాహన బీమా 22 శాతం పెరిగింది. ఒక్క ప్రమాదమైనా, ఒక్క చలానా అయినా లేకుండా నాకూ పెరిగింది. ఏజెంటును అడిగితే "అందరికీ పెరిగింది" అన్నాడు. అంతకు మించి ఆయన దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు మా తమ్ముడి చిత్తూరు లెక్క చూద్దాం. అక్కడ బీమా రెండు ముక్కలు. ఒకటి థర్డ్ పార్టీ: మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా రోడ్డెక్కకూడదు. మొదటిసారి దొరికితే రెండు వేల జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. రెండోది ఓన్ డ్యామేజీ: మన బండికి జరిగే నష్టానికి. ఇది మన ఇష్టం.

థర్డ్ పార్టీ ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. అందులో బ్రాండు లేదు, వయసు లేదు, వీధి లేదు, క్రెడిట్ స్కోరు అసలే లేదు. ఇంజను సీసీ ఒక్కటే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో సొంత కారుకు వెయ్యి సీసీ దాకా 2,094 రూపాయలు, 1,500 దాకా 3,416, ఆపైన 7,897. వీటి మీద 18 శాతం జీఎస్టీ. దీంతో వింతలు కూడా జరుగుతాయి. 1,197 సీసీ మారుతి డిజైర్‌కు 3,416 కట్టాలి. అంతకంటే ఖరీదైన సోనెట్ టర్బో ఇంజను 998 సీసీ కాబట్టి దానికి 2,094 చాలు. కొత్త కారుకయితే మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి వచ్చిన పద్ధతి అది.

ఈ 3,416 రూపాయలకు వచ్చేదేమిటో మావాళ్లలో చాలామందికి పట్టదు. పోలీసు ఆపితే చూపించే కాగితమనుకుంటారు. మన బండి తగిలి ఎవరైనా చనిపోయినా, గాయపడినా ట్రిబ్యునల్ ఎంత పరిహారం వేస్తే అంత బీమా కంపెనీ చెల్లించాలి. దానికి పైపరిమితి లేదు. ఆస్తి నష్టానికి మాత్రం ఏడున్నర లక్షల హద్దుంది. మరి ఒహాయోలో? చట్టం అడిగే కనీస బీమా ఒక మనిషి గాయాలకు 25 వేల డాలర్లు, ఒక ప్రమాదానికి 50 వేలు, ఆస్తికి 25 వేలు. ఇక్కడి ఆసుపత్రిలో నాలుగు రోజులు ఐసీయూలో ఉంటే ఆ పాతిక వేలు ఏ మూలకూ రావు. మిగతాది మన జీతం మీద, ఇంటి మీద పడుతుంది. అందుకే కాస్త తెలిసినవాళ్లు ఆ పరిమితులు పెంచుకుంటారు, అవీ దాటిన నష్టానికి అంబ్రెల్లా పాలసీ తీసుకుంటారు, ఆ మేరకు ఇంకా కడతారు. చిత్తూరు జిల్లా రైతు లెక్కలో చెప్పాలంటే, 2025లో కంపెనీలు ఇవ్వాల్సిన ఎనిమిది, ప్రభుత్వమిచ్చే నాలుగు కలిపి కిలోకు పన్నెండు రూపాయలని ప్రభుత్వం ప్రకటించిన ధరకు 285 కిలోల తోతాపురి మామిడి అమ్మితే ఈ థర్డ్ పార్టీ వస్తుంది. ఆ డబ్బుకు అంత రక్షణ నాకు కొలంబస్‌లో ఎవడూ అమ్మడు.

చిత్తూరులో ఆ థర్డ్ పార్టీ కట్టకపోతే పరిహారం యజమాని నెత్తిన పడుతుంది. మొగిలి ఘాట్, భాకరాపేట ఘాట్ దారులు తెలిసినవాళ్లకు ప్రమాదం గురించి నేను చెప్పక్కర్లేదు. ట్రిబ్యునల్ తీర్పు వస్తే బండే కాదు, తోట కూడా జప్తుకు రావచ్చు.

ఓన్ డ్యామేజీ ధర అలా కాదు. 2007 జనవరి నుంచి కంపెనీలు తమ రేట్లు తామే వేసుకుంటున్నాయి. బ్రాండు, మోడల్, బండి వయసు, గతంలో క్లెయిములు అన్నీ ఇందులో లెక్కకొస్తాయి. ఎక్కువగా అమ్ముడయ్యే బండికి విడిభాగాలు, మెకానిక్కులు ఊరిలోనే దొరుకుతారు కాబట్టి రిపేరు ఖర్చు తగ్గుతుంది. దొంగల కన్ను కూడా అలాంటి బండి మీదే పడుతుంది. రిజిస్ట్రేషన్ ఊరు కూడా ఒక లెక్కే: చెన్నై, బెంగళూరు, హైదరాబాదు లాంటి ఎనిమిది నగరాలు ఎ జోన్, తిరుపతి, చిత్తూరు సహా మిగతా దేశం బి జోన్. పాత టారిఫ్ ప్రకారం అయిదేళ్లలోపు, వెయ్యి దాటి 1,500 సీసీలోపు కారుకు చెన్నై నంబరయితే విలువలో 3.283 శాతం, మా నంబరయితే 3.191. పది లక్షల బండికి తేడా 920 రూపాయలే. కాబట్టి తమిళనాడు నంబరా, ఆంధ్రా నంబరా అన్నది ఇందులో పెద్ద విషయం కాదు.

పెద్ద విషయాలు వేరే ఉన్నాయి, మావాళ్లు డబ్బు మిగుల్చుకోవాలని చూసేది సరిగ్గా అక్కడే. మొదటిది ఐడీవీ. బండి పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అదే. కొత్త బండికి షోరూమ్ ధరలో 95 శాతం, రెండేళ్లు దాటితే 70, నాలుగేళ్లు దాటితే 50కి దిగుతుంది. ఆ అంకెను ఇంకాస్త తగ్గించి "మీకు ప్రీమియం తగ్గించినా సార్" అనే ఏజెంటు తగ్గించింది మన బండి విలువను. రెండోది జీరో డిప్రిసియేషన్, మా ఊళ్లో 'బంపర్ టు బంపర్' అంటారు. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగం డబ్బు మన జేబులోంచే. ఈ కాలం కార్లకు ముందూ వెనకా ఉన్నది ప్లాస్టిక్కే.

మూడోది తిరుపతివాళ్లు మరీ గమనించాల్సింది. 2021 నవంబరు వానలకు ఊరు చెరువైపోయింది. వీధుల్లో కార్లు తేలాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. డిసెంబరు మొదట్లో తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండరాళ్లు జారిపడ్డాయి. వరద, కొండచరియ మామూలు ఓన్ డ్యామేజీలోనే ఉంటాయి. కానీ నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజనులోకి నీరు పోయి అది బిగుసుకుపోతుంది. అది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టమని కంపెనీ అంటుంది. ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంటేనే ఆ గొడవ తప్పుతుంది. అండర్‌బ్రిడ్జీల కింద నీళ్లు నిలిచే ఊళ్లో అది దండగ ఖర్చు కాదు.

నాలుగోది బాడుగ. తిరుపతి స్టేషన్ దగ్గర దిగిన భక్తులను కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పే బండ్లలో ఓన్ ప్లేటువి, అంటే సొంత కారుగా రిజిస్టరైనవి, కూడా కనిపిస్తాయి. డిజైర్‌కు టాక్సీ ప్లేటు వేస్తే థర్డ్ పార్టీ 7,940, నలుగురు ప్రయాణికులకు తలా 978 చొప్పున మొత్తం 11,852 రూపాయలు. ఓన్ ప్లేటుకు 3,416. ఆ ఎనిమిది వేల కోసమే చాలామంది ప్లేటు మార్చరు. సొంత కారు పాలసీ బాడుగ తిప్పితే పనికిరాదని ఆ కాగితంలోనే రాసి ఉంటుంది. ప్రమాదం జరిగితే సొంత బండి రిపేరుకు రూపాయి రాదు. ఎదుటివాళ్లకు కంపెనీ కట్టినా, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు తీర్పులిస్తున్నాయి.

ఇక నాలాంటి ప్రవాసులకు ఒక మాట. అమ్మానాన్నలకు కారు కొనిచ్చేటప్పుడు చాలామంది ఆర్సీ తమ పేరున పెట్టుకుంటారు. యజమాని–డ్రైవర్‌కు పదిహేను లక్షల ప్రమాద బీమా ఉంటుంది కదా, అది ఆర్సీలో పేరున్న, లైసెన్సున్న మనిషికే. బండి నడిపేది చిత్తూరులో నాన్న, ఆర్సీలో పేరు కొలంబస్‌లో కొడుకుది అయితే ఆ కవర్ నాన్నకు వర్తించదు. బండి ఎవరు నడుపుతారో వాళ్ల పేరునే తీసుకోండి. నో క్లెయిమ్ బోనస్ కూడా మనిషిదే, బండిది కాదు. క్లెయిము లేని అయిదేళ్లకు ఓన్ డ్యామేజీలో యాభై శాతం దాకా తగ్గుతుంది. పాత బండి అమ్మినప్పుడు బోనస్ పత్రం తీసుకుంటే కొత్త బండికి మార్చుకోవచ్చు. తండ్రి తర్వాత వారసుడికీ దక్కుతుంది.

మా తమ్ముడికి నా జవాబు ఇదే: అమెరికా దొంగల భయంతో బండి మానుకోవద్దు. అక్కడ లేనిది ఒక చిప్పు. నువ్వు కొనే బండికి ఇమ్మొబిలైజర్ ఉందో లేదో షోరూంలో అడిగి కొను. ప్రీమియం దగ్గర బేరమాడు, కవర్ దగ్గర ఆడొద్దు. చదువరులకు కూడా అదే మనవి. ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పాలసీ ఫొటో తీసి పంపమనండి. ఆర్సీ పేరు, ఐడీవీ, ఇంజన్ కవర్, గడువు తేదీ చూడండి. గడువు దాటి తొంభై రోజులైతే బోనస్ పోతుంది. రక్షణ మాత్రం గడువు ముగిసిన మరుక్షణమే పోతుంది.